దిక్కు తెలిసినా చోటు తెలియని విమానాలు

సముద్రం మీద ఒక సైనిక విమానం గల్లంతైనప్పుడు అందరూ ఒకే ప్రశ్నగా భావించేది నిజానికి రెండు ప్రశ్నల ముడి. ఆ విమానం ఎందుకు కూలిందన్నది మొదటిది, కూలిన తరువాత ఎందుకు దొరకలేదన్నది రెండవది. మొదటిదానికి సమాధానం యంత్రాలలో, వాతావరణంలో, మనుషులు తీసుకున్న నిర్ణయాలలో దొరుకుతుంది. రెండవదానికి సమాధానం సముద్రపు లోతులో, ప్రవాహాల వేగంలో, రేడియో తరంగాల స్వభావంలో, ధ్వని తరంగాల స్వభావంలో ఉంటుంది. ఈ ముడిని విప్పకుండా సిద్ధాంతాలు అల్లినప్పుడు, శకలాలు దొరకలేదన్న ఒక్క విషయమే ఏదో వింత జరిగిందనడానికి సాక్ష్యంగా చలామణీ అవుతుంది.

ఈ పొరపాటుకు ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువగా గురైన సంఘటన, 1945 డిసెంబరు 5న అమెరికా నౌకాదళానికి చెందిన ఐదు విమానాల బృందం అట్లాంటిక్ మహాసముద్రం మీద అదృశ్యం కావడం. ఫ్లైట్ 19 అనే పేరుతో ప్రసిద్ధమైన ఆ బృందంలో 14 మంది ఉన్నారు. వారిని వెతకడానికి అదే రాత్రి బయలుదేరిన మరో విమానం కూడా 13 మందితో తిరిగి రాలేదు. 27 మంది మరణించిన ఈ దుర్ఘటన చుట్టూ అయస్కాంత శక్తుల నుంచి గ్రహాంతరవాసుల దాకా ఎన్నో ఊహలు పేరుకున్నాయి. అయితే ఆ సాయంత్రం నేలమీది కేంద్రాలు విన్న రేడియో సంభాషణల వివరాలు నౌకాదళ విచారణలో భద్రంగా ఉన్నాయి. ఏ సిద్ధాంతమైనా ముందుగా ఆ సంభాషణల కాలక్రమంతో పొసగాలి. అలా పొసగనిది ఎంత ఆకర్షణీయంగా ఉన్నా పక్కన పెట్టవలసిందే.

ఒక శిక్షణ, మూడు గీతలు

ఆ రోజు మధ్యాహ్నం 2 గంటల 10 నిమిషాల ప్రాంతంలో ఫ్లోరిడా రాష్ట్రంలోని ఫోర్ట్ లాడర్‌డేల్ స్థావరం నుంచి ఐదు అవెంజర్ విమానాలు ఎగిరాయి. నౌకలను ముంచే టార్పెడోలను మోసుకెళ్లడానికి నిర్మించిన ఈ ఒంటి ఇంజిన్ విమానాలు రెండవ ప్రపంచ యుద్ధంలో గట్టివని పేరు తెచ్చుకున్నాయి. బృందానికి నాయకుడు లెఫ్టినెంట్ చార్లెస్ టేలర్. ఆయనకు సుమారు 2,500 గంటలు విమానం నడిపిన అనుభవం ఉంది, పసిఫిక్ యుద్ధరంగంలో పనిచేసి వచ్చారు. మిగిలిన నలుగురు పైలట్లు శిక్షణ చివరి దశలో ఉన్నవారు. ఒక్కొక్కరికి మొత్తం మీద 300 గంటల అనుభవం ఉంటే, అందులో అవెంజర్ మీద గడిపినది 60 గంటల వరకే.

వారికి ఇచ్చిన పని సముద్రం మీద ఒక త్రిభుజాన్ని గీసినట్లుగా ఎగిరి రావడం. మొదట దాదాపు నేరుగా తూర్పుకు 104 కిలోమీటర్లు వెళ్లి, హెన్ అండ్ చికెన్స్ అనే లోతు తక్కువైన జలాల వద్ద బాంబులు వేసే అభ్యాసం చేయాలి. అదే దిశలో మరో 124 కిలోమీటర్లు సాగి, అక్కడి నుంచి కొద్దిగా పడమరకు వాలిన ఉత్తర దిశకు తిరిగి గ్రాండ్ బహామా దీవి మీదుగా 135 కిలోమీటర్లు ఎగరాలి. చివరగా నైరుతికి మళ్లి 222 కిలోమీటర్లు ప్రయాణించి స్థావరానికి చేరాలి. ఆ రోజు వేరే శిక్షణ బృందాలకు కూడా ఇదే అభ్యాసం ఉంది. వాతావరణం ఎగరడానికి అనుకూలంగానే ఉందని బయలుదేరే ముందు తేల్చారు. సముద్రం మాత్రం ఒక మోస్తరు నుంచి అల్లకల్లోలం దాకా ఉంది.

వివరణ: డెడ్ రెకనింగ్ అంటే ఏమిటి?

ఉపగ్రహాల ఆధారంగా స్థానాన్ని తెలుసుకునే సదుపాయం లేని ఆ రోజుల్లో, సముద్రం మీద ఎగిరే పైలట్ తాను ఎక్కడున్నాడో మూడు సంగతుల సాయంతో లెక్కగట్టుకునేవాడు: ఏ దిశలో, ఎంత వేగంతో, ఎంతసేపు ఎగిరాడన్నవే ఆ మూడు. ఈ పద్ధతిని డెడ్ రెకనింగ్ అంటారు. కళ్లకు గంతలు కట్టుకున్న మనిషి అడుగులు లెక్కపెట్టుకుంటూ పెరట్లోని బావి దగ్గరికి నడిచినట్లే ఈ ప్రయాణం సాగుతుంది; అడుగు పొడవులోనో తిరిగిన కోణంలోనో చిన్న తేడా వచ్చినా, అది ప్రతి అడుగుతోనూ పెరుగుతుందే తప్ప దానంతటది సరికాదు.

గాలి ఇందులో పెద్ద శత్రువు. విమానంలోని వేగమాపకం చుట్టూ ఉన్న గాలితో పోల్చి వేగాన్ని చూపుతుంది. ఆ గాలి మొత్తం ఒక పక్కకు కదులుతుంటే దానితో పాటు విమానమూ కొట్టుకుపోతున్న సంగతిని అది చెప్పలేదు. గంటకు 40 కిలోమీటర్ల పక్కగాలిని లెక్కలోకి తీసుకోకుండా రెండు గంటలు ఎగిరితే విమానం తాను అనుకున్న చోటికి 80 కిలోమీటర్ల దూరంలో తేలుతుంది. 80 కిలోమీటర్ల వ్యాసార్థంతో గీసిన వృత్తం వైశాల్యం సుమారు 20,000 చదరపు కిలోమీటర్లు. పొరపాటు రెట్టింపైతే వెతకవలసిన ప్రాంతం నాలుగింతలవుతుంది. ఈ కారణం వల్లే పైలట్లు మధ్యమధ్య కనిపించే దీవులను, తీరరేఖలను పటంతో పోల్చి లెక్కను సరిచేసుకుంటారు. ఫ్లైట్ 19 విషయంలో కథ తలకిందులైంది ఇక్కడే: లెక్కను సరిచేయవలసిన దీవులే దానిని చెడగొట్టాయి.

దిక్సూచి వాదం ఎంతవరకు నిలుస్తుంది?

మధ్యాహ్నం 3 గంటల 40 నిమిషాల ప్రాంతంలో, ఫోర్ట్ లాడర్‌డేల్ పరిసరాల్లో మరో బృందంతో ఎగురుతున్న శిక్షకుడు లెఫ్టినెంట్ రాబర్ట్ కాక్స్ రేడియోలో ఒక ఆందోళన నిండిన సంభాషణ విన్నారు. తన రెండు దిక్సూచులూ పనిచేయడం లేదని, తాను ముక్కలు ముక్కలుగా ఉన్న నేల మీద ఎగురుతున్నానని, అది ఫ్లోరిడా కీస్ దీవులేనన్న నమ్మకం ఉందని టేలర్ చెప్పారు. అనంతర కాలంలో ఈ మాటల నుంచే అయస్కాంత సిద్ధాంతం పుట్టింది. ఆ ప్రాంతంలో భూ అయస్కాంత క్షేత్రం అసాధారణంగా ప్రవర్తించి దిక్సూచులను పనికిరాకుండా చేసిందన్నది దాని సారాంశం.

అయస్కాంత సూచి చూపే ఉత్తరానికీ, భౌగోళిక ఉత్తరానికీ మధ్య చాలాచోట్ల కొంత తేడా ఉంటుంది. దిక్పాతం అని పిలిచే ఈ తేడా ప్రదేశాన్ని బట్టి, సంవత్సరాన్ని బట్టి మారుతుంది. నావికుల పటాలన్నిటిలోనూ అది నమోదై ఉంటుంది. దానిని సరిదిద్దుకోవడం మరచిపోతే ఎంత నష్టం జరుగుతుందో సులభంగా లెక్కించవచ్చు: 5 డిగ్రీల పొరపాటుతో 222 కిలోమీటర్లు ఎగిరిన విమానం పక్కకు తొలగేది 20 కిలోమీటర్ల లోపే. ఫ్లోరిడా తీరం వందల కిలోమీటర్ల పొడవున్న గోడలా ఉత్తర దక్షిణాలుగా పరచుకొని ఉంది; 20 కిలోమీటర్ల తేడాతో దానిని తప్పిపోవడం సాధ్యం కాదు. పైగా తన దిక్సూచులు చెడిపోయాయని చెప్పినది టేలర్ ఒక్కరే. మిగిలిన నాలుగు విమానాలలో వేటి దిక్సూచి వాటికుంది, వాటి పైలట్లు దిశల గురించి మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఒక ప్రాంతం మొత్తాన్ని ఆవరించిన అయస్కాంత శక్తి ఒకే విమానాన్ని ఎంచుకొని వేధించిందని నమ్మడానికి ఆధారం లేదు.

టేలర్ దిక్సూచులు నిజంగా చెడిపోయాయా, లేక అవి చూపుతున్నది తన నమ్మకానికి విరుద్ధంగా ఉన్నందున చెడిపోయాయని ఆయన నిర్ణయించుకున్నారా అన్నది ఇక్కడ అసలు చర్చనీయాంశం. రెండవదే జరిగి ఉండడానికి అవకాశం ఎక్కువ. కింద కనిపించే నేలను గుర్తుపట్టానన్న నమ్మకం ఒకసారి కుదిరితే, దానికి సరిపడని పరికరమే తప్పు చూపుతున్నట్లు తోచడం, అనుభవం ఎంత ఉన్నా, మానవ సహజమైన బలహీనత.

ఒకేలా కనిపించే రెండు దీవుల వరుసలు

ఫ్లోరిడా కీస్ అన్నవి ఫ్లోరిడా ద్వీపకల్పం దక్షిణపు కొస నుంచి నైరుతికి వంపు తిరిగి సాగే చిన్న దీవుల గొలుసు. ఫ్లోరిడాకు తూర్పున బహామా దీవుల సమూహంలో గ్రేట్ అబాకో చుట్టూ పరచుకొని ఉన్న చిట్టి దీవులు, ఇసుక మేటలు ఆకాశం నుంచి చూస్తే వాటినే తలపిస్తాయి. బయలుదేరిన గంటన్నరకు, బాంబుల అభ్యాసానికి పట్టిన సమయాన్ని తీసివేసి చూస్తే, బృందం ఉండవలసిన చోటు బహామాల పరిసరాలే. ప్రణాళిక ప్రకారమే ఎగిరిన విమానాలు కీస్ మీద తేలాలంటే అవి తూర్పుకు బదులు నైరుతికి వెళ్లి ఉండాలి. అలా జరిగిందనుకోవడానికి ఏ కారణమూ కనిపించదు. నౌకాదళ విచారణ కూడా టేలర్ చూసినవి బహామా దీవులేనన్న నిర్ణయానికి వచ్చింది.

అనుభవజ్ఞుడైన నాయకుడు ఇంత పొరపాటు ఎలా పడ్డారన్న సందేహానికి ఆయన పూర్వ చరిత్రలోనే జవాబు ఉంది. ఫోర్ట్ లాడర్‌డేల్‌కు బదిలీ కావడానికి ముందు టేలర్ మయామీ స్థావరంలో పనిచేశారు. అక్కడి నుంచి ఎగిరినప్పుడు ఆయన కంటికి అలవాటైనవి కీస్ దీవులు. తెలియని దీవులను చూసిన కన్ను తెలిసిన దీవుల జ్ఞాపకంతో వాటిని పోల్చుకుంది.

ఈ ఒక్క పొరపాటు ఫలితం ఎంత దారుణమో పటం చూస్తేనే అర్థమవుతుంది. కీస్ మీద ఉన్న విమానం ఈశాన్యానికో ఉత్తరానికో ఎగిరితే ఫ్లోరిడా నేల చేరుతుంది. బహామాల మీద ఉన్న విమానం అదే పని చేస్తే, మధ్యలో నేలన్నది లేని అట్లాంటిక్ లోపలికి వెళుతుంది. తాను ఫ్లోరిడాకు పడమటి వైపున, మెక్సికో సింధుశాఖ మీద ఉన్నానని నమ్మినవాడు తూర్పుకు తిరగాలి. తూర్పు వైపున ఉన్నవాడు పడమరకు తిరగాలి. దిక్కు తెలుసుకోవడానికి ఆ మధ్యాహ్నం ఆకాశంలో సూర్యుడు ఉన్నాడు, నాలుగు దిక్సూచులు ఉన్నాయి. తాము ఫ్లోరిడాకు ఏ పక్కన ఉన్నామన్నది మాత్రం దిక్సూచి ఎంత సరిగ్గా పనిచేసినా చెప్పగలిగేది కాదు. దిక్సూచి వాదాన్ని ఎంతగా సాగదీసినా అసలు సమస్యను అది తాకదు.

అటూ ఇటూ తిరిగిన రెండు గంటలు

నాలుగు గంటల తరువాతి రేడియో సంభాషణలలో బృందం కొంతసేపు ఈశాన్యానికి, కొంతసేపు తూర్పుకు, కొంతసేపు పడమరకు ఎగిరిన సంగతి కనిపిస్తుంది. పడమరకు వెళితే ఇంటికి చేరతామని ఒక శిక్షణార్థి తన సహచరుడితో అన్న మాటను నేలమీది కేంద్రం విన్నది. ఆ యువకుడి అంచనా సరైనది. సైనిక బృందంలో నాయకుణ్ణి విడిచి ఎవరి దారిన వారు వెళ్లే పద్ధతి లేదు. బృందం విడిపోతే చీకట్లో ఒక్కొక్కరుగా నష్టపోతారన్నది ఆ క్రమశిక్షణ వెనుక ఉన్న ఆలోచన. మామూలు రోజుల్లో ప్రాణాలు కాపాడే ఆ నియమమే ఆ సాయంత్రం ఐదు విమానాలనూ ఒకే పొరపాటుకు కట్టిపడేసింది.

నేలమీది కేంద్రాలు నిస్సహాయంగా చూస్తూ కూర్చోలేదు. ఒక రేడియో ప్రసారం ఏ దిశ నుంచి వస్తున్నదో దూరదూరంగా ఉన్న అనేక కేంద్రాలు కొలిచి, ఆ దిశలను పటం మీద గీతలుగా గీస్తే, గీతలు కలిసే చోట ప్రసారం చేస్తున్న విమానం ఉంటుంది. ఈ పద్ధతిలో సాయంత్రం ఆరు గంటలకు కాస్త ముందుగా బృందం స్థానం బయటపడింది: బహామాలకు ఉత్తరాన, ఫ్లోరిడా మధ్య భాగపు తీరానికి తూర్పున. కేంద్రాలు ఇచ్చిన పొరపాటు పరిధి చుట్టూ 100 నాటికల్ మైళ్లు, అంటే 185 కిలోమీటర్లు. అంత అస్పష్టత ఉన్నా, టేలర్ అడుగుతున్న ప్రశ్నకు అది కచ్చితమైన జవాబే, ఎందుకంటే ఆ వృత్తంలో ఏ మూల ఉన్నా నేల పడమరనే ఉంది. ఆ సమాచారం విమానాలకు చేరలేదు.

చేరకపోవడానికి కారణాలు చిన్నవి, చాలా మామూలువి. శిక్షణకు వాడే 4,805 కిలోసైకిళ్ల ప్రసారాన్ని క్యూబా రేడియో కేంద్రాల పాటలు, మాటలు మింగివేస్తున్నాయి. అత్యవసర సమయాలకు కేటాయించిన 3,000 కిలోసైకిళ్లకు మారమని నేల నుంచి కోరినప్పుడు టేలర్ ఒప్పుకోలేదు. మార్చే సమయంలో ఐదుగురిలో ఎవరైనా తప్పిపోతారేమోనన్నది ఆయన భయం. బృందాన్ని కలిపి ఉంచాలన్న ఆ తపనను తప్పుపట్టడం కష్టం. విమానాలు ఉత్తరానికి, తూర్పుకు జరిగినకొద్దీ సంకేతం బలహీనపడింది, సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో సూర్యుడు అస్తమించాడు, వాతావరణం చెడింది. ఆరు గంటలు దాటాక పడమరకు వెళుతున్న టేలర్, తాము తూర్పుకు చాలినంత దూరం పోలేదని, మళ్లీ తూర్పుకే తిరగడం మేలని అన్నట్లు నమోదైంది. ఆరుంపావు దాటిన తరువాత విన్న మాటలలో, దగ్గరగా చేరి ఎగరమని, మొదటి విమానంలో ఇంధనం 10 గ్యాలన్ల కంటే తగ్గినప్పుడు అందరూ కలిసి నీటి మీద దిగాలని ఆయన చెప్పారు. ఏడు గంటల తరువాత సన్నగా వినిపించిన ఒక పిలుపే చివరిది. ఇంధనం రాత్రి 8 గంటల దాకా వచ్చి ఉంటుందని అంచనా.

ఖాళీ బరువే నాలుగున్నర టన్నులు దాటే అవెంజర్‌ను చీకట్లో, ఎత్తయిన అలల మీద దించడం ఎలాంటిదో ఊహించవచ్చు. అల ముఖానికి ఎదురుగా తాకిన విమానానికి నీరు గట్టి నేలతో సమానం. దెబ్బ తినకుండా దిగినా ముందు భాగంలోని బరువైన ఇంజిన్ దానిని త్వరగా లోపలికి లాగుతుంది. రబ్బరు పడవను బయటికి తీసుకోవడానికి దొరికే సమయం నిమిషాలలో కాక సెకన్లలో ఉంటుంది.

వెతకబోయిన విమానం

రాత్రి 7 గంటల 27 నిమిషాలకు బనానా రివర్ స్థావరం నుంచి 13 మందితో బయలుదేరిన మారినర్ విమానం, నీటి మీద కూడా దిగగలిగే పెద్ద గస్తీ విమానం. బయలుదేరిన కొద్ది నిమిషాలకు మామూలు సందేశం పంపిన తరువాత దాని నుంచి ఏ కబురూ రాలేదు. దీనిని ఫ్లైట్ 19తో కలిపి ఒకే రహస్యంగా చెప్పడం పరిపాటి. కానీ దీనికి ప్రత్యక్ష సాక్షి ఉంది. ఆ ప్రాంతంలో ప్రయాణిస్తున్న గెయిన్స్ మిల్స్ అనే ట్యాంకర్ నౌక 7 గంటల 50 నిమిషాలకు ఆకాశంలోకి ఎగసిన మంటలను చూసింది. ఆ చోటికి వెళ్లినప్పుడు నీటిమీద నూనె తెట్టు కనిపించింది, బతికి ఉన్నవారు ఎవరూ కనిపించలేదు. విమానవాహక నౌక సోలమన్స్ రాడార్ తెర మీద నుంచి కూడా ఒక విమానం గుర్తు అదే ప్రాంతంలో మాయమైంది. మారినర్ విమానాలలో ఇంధన ఆవిరి లోపల పేరుకుంటుందని, ఒక్క నిప్పురవ్వ చాలునని వాటిలో ఎగిరినవారికి ముందే తెలుసు. గాలిలో పేలుడు జరిగిందన్న వివరణకు ఈ సాక్ష్యాలన్నీ చక్కగా సరిపోతాయి.

ఊహలు ఎలా పెరిగాయి

నౌకాదళ విచారణ మండలి మొదట బాధ్యతను ప్రధానంగా టేలర్ మీద మోపింది. ఆయన తల్లి దీనిని అంగీకరించలేదు. శవం లేదు, విమానం లేదు, అలాంటప్పుడు తన కొడుకునే దోషిగా నిర్ణయించడం అన్యాయమని ఆమె పోరాడింది. చివరకు 1947లో నౌకాదళం తన నివేదికను సవరించి, కారణాలు తెలియవని రాసింది. మరణించిన మనిషి పట్ల, పుత్రశోకంలో ఉన్న తల్లి పట్ల చూపిన ఆ ఉదారతను గౌరవించవలసిందే. అయినా ఒక అధికారిక పత్రంలో చేరిన ఆ రెండు మాటలే తరువాతి ఊహలకు పునాదిరాళ్లయ్యాయి. విచారణలో వందల పేజీల సాక్ష్యం ఉందన్న సంగతి మరుగున పడి, నౌకాదళమే చేతులెత్తేసిందన్న మాట ప్రచారమైంది.

1962లో ఒక అమెరికన్ పత్రికలో వచ్చిన వ్యాసం, సముద్రం వింతగా కనిపిస్తోందని, నీళ్లు తెల్లగా ఉన్నాయని పైలట్లు చెప్పినట్లు రాసింది. విచారణలో నమోదైన సంభాషణలలో అలాంటి మాటలు లేవు. 1964లో విన్సెంట్ గాడిస్ బెర్ముడా ట్రయాంగిల్ అన్న పేరును ప్రచారంలోకి తెచ్చారు. 1974లో చార్లెస్ బెర్లిట్జ్ రాసిన పుస్తకం ఆ పేరును ప్రపంచమంతా వ్యాపింపజేసింది. 1975లో అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయంలో గ్రంథాలయాధికారిగా పనిచేస్తున్న లారెన్స్ కూష్ మాత్రం భిన్నమైన మార్గం పట్టారు. ప్రతి కథకూ మూలమైన ఆనాటి వార్తాపత్రికలను, వాతావరణ నివేదికలను, విచారణ పత్రాలను తెప్పించి చదివారు. తుఫానులో మునిగిన నౌకలు ప్రశాంత సముద్రంలో మాయమైనట్లు, ఎక్కడో జరిగిన ప్రమాదాలు ఈ త్రిభుజంలోనే జరిగినట్లు రాశారని ఆయన చూపించారు. సాక్ష్యాన్ని దాని మూలం దాకా వెంబడించే ఆయన పద్ధతి విజ్ఞాన శాస్త్ర విద్యార్థులు నేర్చుకోదగినది.

వీటికంటే శాస్త్రీయంగా కనిపించే వాదం మీథేన్ సిద్ధాంతం. లోతైన సముద్రగర్భంలో అధిక పీడనం, తక్కువ ఉష్ణోగ్రతల వల్ల మీథేన్ వాయువు నీటి అణువుల నడుమ చిక్కుకొని మంచులాంటి ఘనపదార్థంగా ఉంటుంది. అమెరికా ఆగ్నేయ తీరానికి దూరంగా ఉన్న బ్లేక్ రిడ్జ్ ప్రాంతంలో ఇలాంటి నిల్వలు ఉన్నాయి. ఆ నిల్వ ఒక్కసారిగా పగిలితే పైకి వచ్చే బుడగల వల్ల నీటి సాంద్రత తగ్గి, దానిమీద తేలే ఓడ మునిగిపోవచ్చు. 2003లో ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పెద్ద బుడగ ఒకటి నమూనా ఓడను ముంచగలదని ప్రయోగంలో చూపించారు కూడా. ఇంతవరకు భౌతికశాస్త్రానికి అభ్యంతరం లేదు. అమెరికా భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ మాత్రం ఈ ప్రాంతంలో గత 15,000 ఏళ్లలో అలాంటి భారీ విస్ఫోటాలు జరిగిన ఆధారాలు లేవని చెబుతోంది. ఫ్లైట్ 19 విషయంలో అంతకంటే సూటి అభ్యంతరం ఒకటి ఉంది. వాయువు చేసే పని క్షణాలలో ముగుస్తుంది. ఈ విమానాలు దారి తప్పామని చెప్పిన తరువాత మూడు గంటలకు పైగా ఆకాశంలోనే ఉన్నాయి, అందులో ఎక్కువ భాగం మాట్లాడుతూనే ఉన్నాయి. సాధ్యమైనది వేరు, జరిగినది వేరు. ఆకస్మిక వినాశనాన్ని సూచించే ప్రతి సిద్ధాంతమూ ఈ మూడు గంటల దగ్గరే ఆగిపోతుంది.

ఎందుకు దొరకలేదు?

ఐదు రోజుల పాటు సాగిన గాలింపులో నిర్ధారించదగిన శకలమేదీ దొరకలేదు. విమానాలు నీటిని తాకిన సమయానికి వాటి స్థానం 185 కిలోమీటర్ల వ్యాసార్థం గల వృత్తంలోనో, దాని అంచులు దాటిన చోటనో ఉంది. వృత్తం ఒక్కటే లక్ష చదరపు కిలోమీటర్లను మించుతుంది. ఆ ప్రాంతం గుండా ఉత్తరానికి ప్రవహించే గల్ఫ్ స్ట్రీమ్ ప్రపంచంలోని బలమైన సముద్ర ప్రవాహాలలో ఒకటి. గంటకు ఆరు కిలోమీటర్ల వేగంతో లెక్కించినా, రాత్రి పది గంటల వ్యవధిలో తేలుతున్న వస్తువును అది 60 కిలోమీటర్లు మోసుకుపోతుంది. తెల్లవారి వెతకడం మొదలయ్యేనాటికి తేలే వస్తువులు, మునిగిన వస్తువులు వేర్వేరు చోట్ల ఉంటాయి. ఫ్లోరిడా తూర్పున సముద్రగర్భం బ్లేక్ పీఠభూమి మీద వందల మీటర్ల లోతున ఉండి, దాని తూర్పు అంచు దాటగానే 5,000 మీటర్ల దాకా దిగిపోతుంది. 1945 నాటి సాంకేతికతతో ఆ లోతులో ఒక విమానాన్ని వెతకడం ఊహకు కూడా అందని పని.

ఈ రెండవ ప్రశ్నకు మరింత స్పష్టమైన జవాబు, భారతదేశపు తూర్పు తీరంలో ఏడాది తేడాతో జరిగిన రెండు ప్రమాదాలను పక్కపక్కన పెట్టి చూస్తే దొరుకుతుంది. 2015 జూన్ 8న తమిళనాడు తీరంలో గస్తీ తిరుగుతున్న తీర రక్షక దళ డోర్నియర్ విమానం ముగ్గురితో గల్లంతైంది. నెల రోజులకు, సుమారు 1,000 మీటర్ల లోతున దాని శకలాలు దొరికాయి. జలాంతర్గామి సింధుధ్వజ్ విమానంలోని ధ్వని సంకేతాన్ని పట్టుకోవడం అందుకు తోడ్పడింది. 2016 జులై 22న చెన్నై సమీపంలోని తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు బయలుదేరిన వైమానిక దళపు ఏఎన్-32 రవాణా విమానం గంట లోపే రాడార్ నుంచి మాయమైంది. అందులో ఉన్న 29 మందిలో ఎనిమిది మంది విశాఖపట్నంలోని నౌకాదళ ఆయుధ డిపో పౌర ఉద్యోగులు. 23,000 అడుగుల ఎత్తు నుంచి ఎడమకు తిరిగి వేగంగా కిందికి దిగినట్లు రాడార్ చూపింది. చివరి స్థానం ఫ్లైట్ 19 కంటే ఎన్నో రెట్లు కచ్చితంగా తెలిసినా, నౌకలు, విమానాలు, ఉపగ్రహాలు వారాల తరబడి గాలించినా ఫలితం లేకపోయింది. ఆ కుటుంబాలు ఏడున్నరేళ్లు ఎదురుచూశాయి.

వివరణ: నీటి కింద ఎవరి గొంతు వినిపిస్తుంది?

విమానం కూలినప్పుడు ఉపగ్రహాలకు సంకేతం పంపే అత్యవసర ప్రసారిణి 406 మెగాహెర్ట్‌జ్ రేడియో తరంగాలతో పనిచేస్తుంది. ఉప్పునీరు విద్యుత్తును ప్రసరింపజేస్తుంది కనుక అలాంటి తరంగాలు కొన్ని సెంటీమీటర్ల లోపే హరించుకుపోతాయి. విమానంతో పాటు మునిగిన ప్రసారిణి ఎంత బాగా పనిచేసినా దాని పిలుపు పైకి రాదు. నీటిలో దూరం ప్రయాణించగలిగేది ధ్వని ఒక్కటే; అది అక్కడ సెకనుకు దాదాపు 1,500 మీటర్ల వేగంతో వెళుతుంది. అందుకే నీటి కింద మోగే ప్రత్యేక బీకన్లు తయారుచేశారు. నీరు తగలగానే అవి 37.5 కిలోహెర్ట్‌జ్ ధ్వనిని సెకనుకొకసారి పంపడం మొదలుపెడతాయి. పాత రకం 30 రోజులు, కొత్త రకం 90 రోజులు మోగుతుంది. డోర్నియర్‌లో ఇది ఉంది. ఏఎన్-32లో లేదు.

బీకన్ లేనప్పుడు మిగిలే మార్గం ధ్వనిని తామే పంపి ప్రతిధ్వనిని వినడం. నౌక అడుగు నుంచి పంపే ధ్వని పుంజం ఒక డిగ్రీ వెడల్పు ఉందనుకుంటే, 3,400 మీటర్ల లోతున అది సుమారు 60 మీటర్ల వెడల్పు ప్రాంతంపై పరచుకుంటుంది. 24 మీటర్ల పొడవున్న విమానం ముక్కలై పడితే ఆ పుంజంలో విడిగా కనిపించే అవకాశమే లేదు. నేలకు దగ్గరగా వెళ్లి చూడగల పరికరం కావాలి.

చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక పరిజ్ఞాన సంస్థ తన స్వయంచాలిత జలాంతర వాహనంతో ఆ పని చేసింది. తాడు, తీగ లేకుండా సముద్రపు అడుగుకు చేరువగా ఈదే ఆ వాహనం, తాను కదులుతూ వరుసగా అందుకున్న ప్రతిధ్వనులను కలిపి ఒక పెద్ద గ్రాహకం విన్నంత స్పష్టమైన చిత్రాన్ని తయారుచేసే సోనార్‌తో పాటు, ఛాయాచిత్రాలు తీసే కెమెరాలను కూడా మోసుకెళుతుంది. చెన్నై తీరానికి సుమారు 140 నాటికల్ మైళ్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున అది తీసిన చిత్రాలలోని శకలాలు ఏఎన్-32వేనని, ఆ ప్రాంతంలో మరే విమానమూ గల్లంతైన చరిత్ర లేదని 2024 జనవరి 12న రక్షణ మంత్రిత్వ శాఖ ప్రకటించింది.

ఈ ఆవిష్కరణ ఎక్కడ అన్న ప్రశ్నను తీర్చింది. ఎందుకు అన్న ప్రశ్నను శకలాల చిత్రాలు తీర్చలేవు. వాతావరణమా, యంత్ర లోపమా అన్నది తేల్చగలిగేది విమానంలోని రికార్డర్లే. ఫ్లైట్ 19 పరిస్థితి దీనికి సరిగ్గా తలకిందులు: ఎందుకన్నది రేడియో సంభాషణల వల్ల చాలావరకు స్పష్టమైంది, ఎక్కడన్నది మిగిలి ఉంది. 1991లో స్పెయిన్ పాత నౌకల కోసం వెతుకుతున్న ఒక బృందం ఫోర్ట్ లాడర్‌డేల్ తీరంలో ఐదు అవెంజర్లను కనుగొన్నప్పుడు రహస్యం వీడిందన్న వార్త ప్రపంచమంతా పాకింది. వాటి మీది సంఖ్యలు ఫ్లైట్ 19 సంఖ్యలతో సరిపోలలేదు. అవి వేర్వేరు శిక్షణ ప్రమాదాలలో పడిన విమానాలని తేలింది. యుద్ధకాలంలో ఆ తీరంలో పోయిన అవెంజర్లు ఎన్నో ఉన్నాయి కనుక, ఆ సముద్రగర్భంలో ఏ అవెంజర్ కనిపించినా మొదట చేయవలసిన పని దాని సంఖ్యను చదవడం. ఆ మధ్యాహ్నం బయలుదేరిన ఐదు విమానాల సంఖ్యలూ నౌకాదళ రికార్డులలో ఉన్నాయి.